తల దించుకోని నడక

తెలుగులో ‘గర్వం’ అంత మంచి మాట కాదు. గర్వభంగం కథలు వింటూ పెరిగిన చెవికి అది అహంకారంలాగే వినిపిస్తుంది. అందుకే ఏటా జూన్‌లో స్వలింగ ప్రేమికులూ, పుట్టినప్పుడు రాసిన ఆడ-మగ గుర్తింపులో ఇమడని ట్రాన్స్ మనుషులూ జరుపుకునే ‘ప్రైడ్ నెల’ అన్న మాట వార్తల్లో కనబడగానే చాలామందికి ఒకటే సందేహం వస్తుంది: పుట్టుకతో వచ్చినదాన్ని చూసుకుని గర్వపడటం ఏమిటి, దానికి ఊరేగింపు ఏమిటి? అడిగేవాళ్లందరూ ద్వేషంతో అడగరు. నిజంగా తెలియక అడిగేవాళ్లే ఎక్కువ. వాళ్లకు దొరకాల్సిన జవాబు ఆ మాట పుట్టిన తీరులోనే ఉంది.

1970లో న్యూయార్క్‌లో ఈ మనుషుల మొదటి యాత్రకు సన్నాహాలు జరుగుతున్నప్పుడు ‘పవర్’ అన్న నినాదం వైపు కొందరు మొగ్గారు. దాని బదులు ‘ప్రైడ్’ అందామని సూచించినవాడు నిర్వాహకుల్లో ఒకడైన క్రెయిగ్ షూన్‌మేకర్. ఆయన ఆలోచన సూటిగానే ఉంది. అధికారం అప్పటికి వాళ్లలో ఎవరి దగ్గరా లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు. తనను తాను చూసుకుని తలెత్తుకోవడం మాత్రం ఎవరికి వారు ఆ రోజే చేయగలిగిన పని. ఏళ్ల తరబడి ఈ మనుషులకు ఎక్కించిన విషం సిగ్గు. ఆ సిగ్గుకు విరుగుడుగా వచ్చిన మాట ఇది. ఇలా చూస్తే దీనికి తెలుగులో దగ్గరి మాట గర్వం కాదు, ఆత్మగౌరవం. ఆ మాట బరువెంతో తెలుగువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మాటల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన పత్రికలు దశాబ్దాలుగా ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తూ వచ్చాయి. ఆడా మగా కలిసి బతుకుతున్న జంటను దంపతులంటాం, ఆలుమగలంటాం, ప్రేమికులంటాం. వాళ్ల పడకగదిని బట్టి వాళ్లకు పేరు పెట్టం. ఈ మనుషుల విషయంలో మాత్రం ఒక జీవితం మొత్తాన్ని ‘సంపర్కం’ అనే ఒక్క ముక్కలోకి కుదించేశాం. ‘స్వలింగ ప్రేమికులు’ అనడంలోనో, వాళ్లు తమకు తాము చెప్పుకునే గే (మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు), లెస్బియన్ (ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు), క్వీర్ (వీళ్లందరినీ కలిపి చెప్పే మాట), ట్రాన్స్ అన్న పేర్లు వాడటంలోనో పోయేదేమీ లేదు. గౌరవం మొదలయ్యేది పిలుపు దగ్గరే.

ప్రైడ్ చరిత్ర చెప్పేవాళ్లందరూ 1969 జూన్ 28 తెల్లవారుజామున మొదలుపెడతారు. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో క్రిస్టఫర్ వీధిలో ఈ మనుషులు కలుసుకునే స్టోన్‌వాల్ ఇన్ అనే బార్ మీద పోలీసులు దాడి చేశారు. అలాంటి దాడులు అప్పట్లో మామూలే. ఎప్పటిలా తలలు వంచుకుని వెళ్లిపోవాల్సిన జనం ఆ రాత్రి వెళ్లలేదు, ఎదురుతిరిగారు. ఆ గొడవ రోజుల తరబడి సాగింది. ఇదంతా నిజమే. అయితే ప్రైడ్ అంటే ఏమిటో అర్థం కావాలంటే ఆ బార్ కన్నా, సరిగ్గా ఆరు రోజుల తర్వాత ఫిలడెల్ఫియాలో జరిగిన ఒక చిన్న ఘటనను దగ్గరగా చూడాలి.

1965 నుంచి ఏటా జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, అక్కడి ఇండిపెండెన్స్ హాల్ ముందు కొద్దిమంది గే, లెస్బియన్ కార్యకర్తలు ప్లకార్డులు పట్టుకుని మౌనంగా తిరిగేవాళ్లు. స్వాతంత్ర్యం అందరికీ రాలేదని గుర్తుచేయడం వాళ్ల ఉద్దేశం. ఆ ప్రదర్శనకు కచ్చితమైన నియమాలుండేవి. మగవాళ్లు కోటు, టై వేసుకోవాలి. ఆడవాళ్లు గౌన్లే వేసుకోవాలి. నినాదాలు ఇవ్వకూడదు. మేమూ మీలాంటి మర్యాదస్తులమే, మాకూ ఉద్యోగాలు ఇవ్వండి అని చెప్పడమే లక్ష్యం కాబట్టి చూసేవాళ్లకు వేలెత్తి చూపే అవకాశం ఇవ్వకూడదన్నమాట. 1969 జూలై 4న ఆ వరుసలో నడుస్తున్న ఇద్దరు స్త్రీలు చేతులు పట్టుకున్నారు. అంతే. ప్రదర్శనను ముందుండి నడిపిస్తున్న ఫ్రాంక్ కామెనీ వచ్చి ఆ రెండు చేతులనూ విడదీశాడు.

కామెనీని తప్పుపట్టడం తేలిక. కానీ ఆయన కథ తెలిస్తే అంత తేలిగ్గా నోరు రాదు. హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసిన ఖగోళ శాస్త్రవేత్త ఆయన. సైన్యానికి చెందిన మ్యాపుల విభాగంలో ఉద్యోగం. గే అన్న ఒకే ఒక్క కారణంతో 1957లో ఆ ఉద్యోగం ఊడబెరికారు. ప్రభుత్వ కొలువు తలుపులన్నీ మూసేశారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళితే 1961లో వాళ్లు కేసు వినడానికే ఒప్పుకోలేదు. చదువంతా నక్షత్రాల మీద పెట్టిన మనిషికి ఆ చదువుతో బతికే దారి లేకుండా పోయింది. ఒక తరం ఎంత జాగ్రత్తగా, ఎంత ఒదిగి, ఎంత ఇస్త్రీ మడత నలగకుండా బతికితే బతకనిస్తారో లెక్కలేసుకుని బతికింది. ఆ చేతులు విడదీసింది ఆ భయమే.

అదే వరుసలో ఉన్న క్రెయిగ్ రాడ్‌వెల్ అనే యువకుడికి ఆ దృశ్యం మింగుడుపడలేదు. న్యూయార్క్‌లో చిన్న పుస్తకాల షాపు నడుపుతుండేవాడు. ఆరు రోజుల కిందట స్టోన్‌వాల్ ముందు జనం ఎలా నిలబడ్డారో కళ్లారా చూసి వచ్చినవాడు. పక్కవాడి చెయ్యి పట్టుకోవడానికి కూడా అనుమతి కావాలంటే ఇది ఏ స్వేచ్ఛ కోసం చేస్తున్న ప్రదర్శన? ఆ నవంబరులో ఆయనా, ఫ్రెడ్ సార్జెంట్, ఎలెన్ బ్రాయిడీ, లిండా రోడ్స్ కలిసి ఒక తీర్మానం పెట్టారు. ఫిలడెల్ఫియా ప్రదర్శన బదులు ఇకనుంచి ఏటా జూన్ చివర్లో న్యూయార్క్‌లో యాత్ర జరగాలి. దుస్తుల మీద గానీ, వయసు మీద గానీ ఏ నిబంధనా ఉండకూడదు.

ఆ ‘నిబంధన ఉండకూడదు’ అన్న వాక్యంలోనే ప్రైడ్ పుట్టింది. ఈ రోజు యాత్రల్లో కనిపించే రంగులూ, రెక్కలూ, డప్పులూ, డ్యాన్సులూ చూసి ‘ఇంత ఆర్భాటం అవసరమా’ అనేవాళ్లకు జవాబు కూడా ఇదే. మర్యాదగా కోటు వేసుకుని అడిగిన నాలుగైదేళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. పైగా, ఒదిగి ఉంటేనే ఇచ్చేదాన్ని హక్కు అనరు, దయ అంటారు.

1970 జూన్ 28న మొదటి యాత్ర బయల్దేరింది. అనుమతి పత్రం చేతికొచ్చింది సరిగ్గా రెండు గంటల ముందు. వేలమంది గ్రీనిచ్ విలేజ్ నుంచి సెంట్రల్ పార్క్ దాకా నడిచారు. ఆ నడకకు అనుకున్న సమయంలో సగం కూడా పట్టలేదట. సగం ఉత్సాహం, సగం భయం. పట్టపగలు, నగరం నడివీధిలో, ‘నేను ఇలాంటి మనిషిని’ అని రాసిన బ్యానర్ పట్టుకుని నడవడం జీవితంలో మొదటిసారి అయినప్పుడు కాళ్లు వాటంతటవే పరుగందుకుంటాయి. ఆ ముందు రోజే షికాగోలో, అదే రోజు లాస్ ఏంజెలెస్‌లో కూడా యాత్రలు జరిగాయి.

కనబడటం ఎందుకంత ముఖ్యం? ఎవరి బతుకు వాళ్లు ఇంట్లో బతకొచ్చు కదా, వీధికెక్కడం దేనికి అన్న ప్రశ్న ఇప్పటికీ వినిపిస్తుంది. దానికి 1972 మే నెలలో డాలస్‌లో జరిగింది చెప్పుకోవాలి. అప్పటికి అమెరికా మానసిక వైద్యుల సంఘం జాబితాలో స్వలింగ ప్రేమ ఒక రోగం. ఆ సంఘం వార్షిక సమావేశంలో వేదిక మీదికి ఒక డాక్టరు వచ్చాడు. ముఖానికి రబ్బరు మాస్కు, తలకు విగ్గు, ఒంటికి బాగా వదులైన కోటు, గొంతు గుర్తుపట్టకుండా మార్చే మైకు. పేరు డాక్టర్ హెచ్. అనానిమస్. తాను గే అనీ, మానసిక వైద్యుణ్ణనీ ఆయన చెప్పాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లంతా తన తోటి డాక్టర్లే. రోగం అని రాసిపెట్టిన ఆ మనుషులు తమ మధ్యే, తమ పక్క కుర్చీలోనే ఉన్నారని వాళ్లకు అప్పుడు తెలిసింది. అసలు పేరు జాన్ ఫ్రయర్. ఈ కారణంగానే అంతకుముందు శిక్షణ దశలో ఒకచోటి నుంచి ఆయన్ను పంపించేశారు. మాస్కు లేకుండా అదే సంఘం సభలో ఆ డాక్టరును నేనే అని చెప్పుకోవడానికి ఆయనకు 1994 దాకా పట్టింది.

మరుసటి ఏడాది, 1973లో, ఆ సంఘం జాబితా నుంచి ఆ ‘రోగా’న్ని తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. అందుకే మే 17 ఈ వివక్షను వ్యతిరేకించే అంతర్జాతీయ దినం. ట్రాన్స్ మనుషుల గుర్తింపును మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించడానికి మాత్రం అదే సంస్థకు 2019 దాకా పట్టింది. దాచుకుని బతికినంత కాలం ఒక మనిషి గురించి ఇతరులు ఏమైనా రాయగలరు. రోగి అని రాస్తారు, నేరస్థుడు అని రాస్తారు. కాదని చెప్పడానికి ఆ మనిషి ముఖం చూపించాలి, చూపిస్తే ఉద్యోగం పోతుంది. ఈ ముడి ఒక్కొక్కరు విప్పుకోలేనిది. వేలమంది కలిసి ఒకేసారి ముఖం చూపిస్తేనే విడుతుంది.

అదే 1972లో, న్యూయార్క్ యాత్రలో, మోర్టీ మాన్‌ఫోర్డ్ అనే యువకుడి పక్కన ఒక స్కూల్ టీచరు నడిచింది. ఆవిడ అతని తల్లి, పేరు జీన్. రెండు నెలల కిందటే ఒక నిరసనలో కొడుకును చితకబాదారు. ఆవిడ చేతిలో ఒక అట్ట. మన పిల్లలకు అండగా తల్లిదండ్రులంతా ఒక్కటి కావాలని దాని మీద రాసి ఉంది. దారి పొడవునా జనం కేకలూ చప్పట్లూ. వెనకాలే పిల్లల వైద్యుడిగా దేశమంతా తెలిసిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ నడుస్తుండటంతో ఆ చప్పట్లు ఆయనకే అనుకుందట. తర్వాత అర్థమైంది, అవి తనకేనని. పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నారు, ఏడ్చారు, ఒక్కసారి మా అమ్మతో మాట్లాడతారా అని అడిగారు. ఆ అడగడం చాలామంది చేశారు. 1973 మార్చిలో ఒక చర్చిలో ఓ ఇరవై మంది తల్లిదండ్రులూ పిల్లలూ కూర్చున్నారు. పీఫ్లాగ్ అనే తల్లిదండ్రుల సంస్థకు అది తొలి సమావేశం. ‘మా అమ్మతో మాట్లాడతారా’ అన్న ఆ ఒక్క ప్రశ్నలో ఎన్ని ఇళ్ల తలుపులు మూసుకుపోయి ఉన్నాయో ఊహించుకుంటే గుండె చెరువవుతుంది. లోకమంతా వెలివేసినా తట్టుకునే మనిషి కూడా ఇంట్లో అన్నం పెట్టిన చెయ్యి వెనక్కి పోతే తట్టుకోలేడు.

ఇక హక్కుల విషయం. నేరం కాదని చట్టం చెప్పేస్తే సమానత్వం వచ్చేసినట్టేనని ఒక భ్రమ ఉంది. నేరం కాకపోవడం గడప మాత్రమే, ఇల్లు లోపల ఉంది. ఆ గడప దాటడానికే చాలా దేశాలకు శతాబ్దం దాటింది. స్వలింగ సంబంధాలను నేరం చేస్తూ బ్రిటిష్ పాలకులు 1860లో భారత శిక్షాస్మృతిలో పెట్టిన 377వ సెక్షన్ ఆ ఒక్క దేశంతో ఆగలేదు. అదే అంకెతో, అవే మాటలతో మలేషియా, సింగపూర్ లాంటి వలస రాజ్యాలకూ పాకింది. ఇంగ్లండ్, వేల్స్ తమ ఇంట్లో ఈ శిక్షను 1967లో కొంతమేర ఎత్తేసుకున్నాయి. వలసల్లో నాటిన మొక్క మాత్రం మిగిలిపోయింది. భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న, పెద్దల ఇష్టపూర్వక సంబంధాల మేరకు, దాన్ని కొట్టేసింది. ఇన్నాళ్ల ఆలస్యానికి చరిత్ర ఈ మనుషులకు క్షమాపణ చెప్పాలని ఆ తీర్పులో జస్టిస్ ఇందూ మల్హోత్రా రాశారు. సింగపూర్ పార్లమెంటు అక్కడ మిగిలిన 377ఎ సెక్షన్‌ను 2022లో రద్దు చేసింది. ప్రపంచంలో అరవైకి పైగా దేశాల్లో ఇప్పటికీ ఇది నేరమే.

గడప దాటాక ఎదురయ్యేవి కాగితాలు. ఆసుపత్రిలో ‘రోగికి మీరేమవుతారు?’ అని అడిగే గడి, ఇంటి అద్దె ఒప్పందం, బీమా నామినీ, పింఛను, వారసత్వం, పిల్లల బడి దరఖాస్తు. 1980ల్లో ఎయిడ్స్ విరుచుకుపడినప్పుడు ఈ కాగితాలు ఎంత క్రూరమైనవో తేలిపోయింది. ఏళ్ల తరబడి కలిసి బతికినవాళ్లను ఆసుపత్రి మంచం దగ్గరికి రానివ్వలేదు. ఎన్నడూ తొంగిచూడని బంధువులు శవాన్ని తీసుకెళ్లిపోయారు. ఇల్లు చనిపోయినవాడి పేరు మీదుంటే మిగిలినవాడు వీధిలో నిలబడ్డాడు. పెళ్లి హక్కు కోసం పోరాటం ఊపందుకోవడానికి ప్రేమ ఎంత కారణమో, ఆ ఆసుపత్రి వరండాలు అంత కారణం.

డెన్మార్క్‌లో అక్సెల్, ఐగిల్ అనే ఇద్దరు దాదాపు నలభై ఏళ్లు కలిసి బతికారు. ఇద్దరి పేర్లూ కలిపి ‘అక్స్‌గిల్’ అని ఉమ్మడి ఇంటిపేరు పెట్టుకున్నారు. చట్టం ఇవ్వని బంధాన్ని పేరులో కుట్టుకున్నారన్నమాట. 1989 అక్టోబరు 1న, ప్రపంచంలోనే మొదటిసారిగా ఒక దేశం ఇలాంటి జంటల సహజీవనాన్ని నమోదు చేసినప్పుడు, కోపెన్‌హాగెన్‌లో ఆ రోజు ఒక్కటైన 11 జంటల్లో వాళ్లది ఒకటి. పెళ్లి అన్న పూర్తి హోదా మొదట ఇచ్చిన దేశం నెదర్లాండ్స్, 2001 ఏప్రిల్ 1న. ఆసియాలో తైవాన్ 2019లో, థాయిలాండ్ 2025 జనవరిలో. ఇప్పటికి ముప్ఫైకి పైగా దేశాలు ఆ దారి పట్టాయి. భారత సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో, అది పార్లమెంటు తేల్చాల్సిన విషయమని వదిలేసింది.

అమెరికాలో పెళ్లి హక్కు కేసు మొత్తం ఒక మరణ ధ్రువీకరణ పత్రం చుట్టూ తిరిగింది. జాన్ ఆర్థర్‌కు ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు ముదిరింది, మంచం దిగలేడు. ఆయనా, ఆయన జీవిత భాగస్వామి జిమ్ ఒబర్‌గఫెల్ ఉండే ఒహాయో రాష్ట్రంలో ఇద్దరు మగవాళ్ల పెళ్లి చెల్లదు. 2013 జూలైలో జిమ్ ఆయన్ను వైద్య సదుపాయాలున్న చిన్న విమానంలో మేరీలాండ్ తీసుకెళ్లాడు. రన్‌వే పక్కన ఆగిన ఆ విమానంలోనే పెళ్లి చేసుకుని వెనక్కొచ్చారు. మూడు నెలలకు ఆర్థర్ పోయాడు. ఆ మరణ పత్రంలో ‘జీవించి ఉన్న భాగస్వామి’ అన్న గడిలో తన పేరు ఉండాలన్నదే జిమ్ అడిగింది. ఆ ఒక్క గడి మీద మొదలైన వ్యాజ్యం 2015 జూన్ 26న దేశమంతటికీ పెళ్లి హక్కు తెచ్చింది.

ఈ చరిత్రను తీపిగా మాత్రమే చెప్పడం అన్యాయం. 1973 న్యూయార్క్ యాత్ర ముగింపు సభలో సిల్వియా రివేరా అనే ట్రాన్స్ ఉద్యమకారిణి మైకు ముందుకొస్తే, అరిచి గోల చేసింది బయటివాళ్లు కాదు, సాటి గే, లెస్బియన్ జనమే. జైళ్లలో దెబ్బలు తింటున్న ట్రాన్స్ మనుషుల గురించి ఎవరూ పట్టించుకోవట్లేదని ఆమె ఆ గోల మధ్యే అడిగి దిగిపోయింది. అంతకు మూడేళ్ల ముందు సాటి ఉద్యమకారిణి మార్షా పి. జాన్సన్‌తో కలిసి ఇల్లు లేని ట్రాన్స్ పిల్లలకు నీడ చూపించిన మనిషి ఆమె. సమాజం ఒప్పుకునేలా కనిపించేవాళ్లను ముందు నిలబెట్టి, మిగతావాళ్లను తర్వాత చూద్దామనే బుద్ధి హక్కుల ఉద్యమాల్లోనూ ఉంటుంది. ట్రాన్స్ మనుషులకు ఆ ‘తర్వాత’ చాలా ఆలస్యంగా వచ్చింది. ఏ ఆపరేషనూ, ఏ డాక్టరు సర్టిఫికెట్టూ అడగకుండా తమ జెండర్ ఏమిటో తామే చెప్పుకునే హక్కును అర్జెంటీనా చట్టం ఇచ్చింది 2012లో. ప్రైడ్‌లో ఎవరు ముందు నడుస్తున్నారు, ఎవరు అసలు కనబడటం లేదు అన్నది అందుకే ఏటా అడగాల్సిన ప్రశ్న.

జూన్ వచ్చిందంటే కంపెనీల లోగోలు ఇంద్రధనుస్సు రంగులు వేసుకుంటాయి. దీన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. 1978 జూన్ 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్, ఆయన మిత్రులు చేత్తో రంగులద్ది ఎనిమిది చారల జెండా ఎగరేసినప్పుడు ఆ రంగులు ఇంత దూరం వెళ్తాయని ఎవరనుకున్నారు? అంతకుముందు వాళ్లకున్న గుర్తు గులాబీ త్రికోణం. నాజీలు నిర్బంధ శిబిరాల్లో ఈ మనుషుల బట్టల మీద కుట్టించిన ముద్ర అది. హంతకులు పెట్టిన గుర్తు బదులు తమదైన గుర్తు కావాలనుకోవడంలోనే ఆ జెండా గొప్పతనం ఉంది. కాబట్టి ఆ రంగులు వాడుకునే సంస్థను అడగాల్సింది ఒక్కటే: ఉద్యోగి భాగస్వామికి మీ వైద్య బీమా వర్తిస్తుందా? వేధిస్తే ఫిర్యాదు వినే మనిషి ఉన్నారా? జూలైలో కూడా వింటారా?

సాయం ఎలా ఉంటుందో చూడాలంటే 1984 బ్రిటన్‌కు వెళ్లాలి. బొగ్గు గని కార్మికుల సమ్మె నడుస్తోంది, ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు. లండన్‌లోని గే, లెస్బియన్ యువత కొందరు బకెట్లు పట్టుకుని వీధుల్లో చందాలు పోగేశారు. ఇరవై వేల పౌండ్లకు పైగా కూడబెట్టి వేల్స్‌లోని డులైస్ లోయ కార్మికులకు అందించారు. ఒకరి పట్ల ఒకరికి ఏమాత్రం పరిచయం లేని రెండు ప్రపంచాలు. సమ్మె ఓడిపోయింది. కానీ 1985 జూన్‌లో లండన్ ప్రైడ్‌కు ఆ గని కార్మికులు తమ సంఘం బ్యానర్లతో వచ్చి యాత్రకు ముందు నడిచారు. ఆ ఏడాదే లేబర్ పార్టీ మహాసభలో గే, లెస్బియన్ల హక్కుల తీర్మానం నెగ్గడానికి గని కార్మిక సంఘం ఓట్లు తోడయ్యాయి. వాళ్లు ఏ సిద్ధాంతమూ చదివి రాలేదు. ఆకలేసినప్పుడు వచ్చినవాళ్ల కోసం వచ్చారు.

రోజువారీ బతుకులో అంత పెద్ద పనులు అక్కర్లేదు. ఎవరైనా నమ్మి తన సంగతి చెప్పుకుంటే దాన్ని అతని అనుమతి లేకుండా మూడో మనిషికి చేరవేయకపోవడం అన్నిటికన్నా ముందు. ఆ ఒక్క మాట జారితే ఇల్లు, ఉద్యోగం, ఒక్కోసారి ప్రాణం పోతాయి. ‘పెళ్లెప్పుడు?’ అని పదేపదే పొడవకపోవడం, ట్రాన్స్ మనిషిని వాళ్లు చెప్పుకున్న పేరుతోనే పిలవడం, పదిమందిలో వెకిలి జోకు పడినప్పుడు నవ్వకుండా ‘ఇందులో నవ్వేందుకేముంది’ అని అడగడం. ఆ గుంపులో దాచుకుని కూర్చున్న మనిషి ఒకరుంటే, ఆ ప్రశ్న అడిగింది ఎవరన్నది వాళ్లు జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

వచ్చిన హక్కులు వెనక్కి పోవన్న భరోసా ఎక్కడా లేదు. ఉగాండా 2023లో కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా వెళ్లే చట్టం చేసింది. అదే ఏడాది రష్యా సుప్రీంకోర్టు ఈ ఉద్యమాన్నే తీవ్రవాదం అంది. హంగరీ 2025 మార్చిలో ప్రైడ్ యాత్రలను ఆపే చట్టం తెచ్చింది. పాల్గొన్నవాళ్లకు రెండు లక్షల ఫోరింట్ల దాకా జరిమానా, ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు. జూన్ 28న, స్టోన్‌వాల్ జరిగిన తేదీనే, రాజధాని బుడాపెస్ట్ వీధుల్లోకి లక్షమందికి పైగా వచ్చారు. తమ ముఖాలు కెమెరాకు చిక్కుతాయని తెలిసే వచ్చారు.

ఫిలడెల్ఫియాలో చేతులు విడదీసిన కామెనీ తర్వాతి దశాబ్దాల్లో కోటూ టై వదలకుండానే పోరాడుతూ పోయాడు. 1972లో ఆ మాస్కు డాక్టరు కూర్చున్న వేదిక మీద పక్కనే ఉన్నదీ ఆయనే. 2009 జూన్‌లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల శాఖ ఆయన్ను పిలిచి ఒక ఉత్తరం చేతికిచ్చింది. 1957లో ఉద్యోగం నుంచి తీసేసినందుకు క్షమాపణ అందులో ఉంది. ఆ శాఖకు అధిపతిగా సంతకం చేసిన జాన్ బెర్రీ తాను గే అని బాహాటంగా చెప్పుకున్న అధికారి. ప్రభుత్వం నాడు చేసింది సిగ్గుచేటైన పని అని ఆయన రాశాడు. ఆ ‘సిగ్గు’ అన్న మాటను యాభై రెండేళ్లు మోసిన కామెనీకి అప్పటికి 84 ఏళ్లు. క్షమాపణ స్వీకరిస్తున్నానని గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాడు.